ఎర వేసి దాడి చేసే చెస్ ఇంజిన్‌ను కట్టుకోవడం ఎలా?

స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (కంప్యూటర్‌లో చెస్ ఆడే ప్రోగ్రామ్) చేతిలో ఓడినప్పుడు ఎక్కడ ఓడామో చాలాసార్లు తెలియదు. దాడేమీ కనిపించదు, మెరుపులేమీ ఉండవు. 30 ఎత్తులు గడిచాక చూసుకుంటే ఒక బంటు తక్కువ, మన గుర్రానికి కదిలే చోటు లేదు, అంతే. అదే రచ్చబండ మీద ఓ మంచి ఆటగాడి చేతిలో ఓడితే సంగతి వేరు. బిషప్‌ను ఊరికే వదిలేసినట్టు పెడతాడు, మనం ఆశపడి తింటాం, నాలుగో ఎత్తుకు ఆట కట్టు. ఆ ఓటమి గుర్తుండిపోతుంది, దాన్నుంచి నేర్చుకుంటాం కూడా. పోటీలకు తయారయ్యే పిల్లలకు ప్రాక్టీసులో కావలసింది ఈ రెండో రకం ప్రత్యర్థి. అలాంటి ఇంజిన్‌ను ఎలా కట్టుకోవాలో వరుసగా చెబుతాను. పైథాన్‌లో ఓ మోస్తరు ప్రోగ్రాములు రాయగలిగితే చాలు. ఇంజిన్‌ను మొదటి నుంచీ రాయనక్కర్లేదు.

ముందుగా, మామూలు ఇంజిన్ ఎర ఎందుకు వెయ్యదో తెలియాలి. తను ఏ ఎత్తు వేసినా ఎదుటివాడు అన్నిటికన్నా మంచి పైఎత్తే వేస్తాడన్నది దాని లెక్క. ఒక బలికి, అంటే కావాలనే పావును ఇచ్చేసే ఎత్తుకు, 20 జవాబులున్నాయనుకోండి. అందులో 19 ఎదుటివాణ్ణి ముంచేవే అయినా, ఆ మిగిలిన ఒక్కటీ ఇంజిన్‌కు కాస్త నష్టం తెచ్చేదైతే చాలు, ఆ బలిని పక్కన పడేస్తుంది. గడియారం నడుస్తుండగా ఓ మనిషి ఆ ఒక్క జవాబునూ పట్టుకోగలడా అన్న ఆలోచనే దానికి రాదు.

మిఖాయిల్ తాల్ ఆట మొత్తం ఆ ఆలోచన మీదే నడిచింది. 1960లో మాస్కోలో అప్పటి చాంపియన్ బోత్విన్నిక్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్. నల్లపావులతో ఆడుతున్న తాల్ 21వ ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్4 గడిలో బలిపెట్టాడు. హాల్లో ఎంత గోల రేగిందంటే, ఆటను వెనక గదిలోకి మార్చాల్సి వచ్చింది. ఆ బలికి సరైన జవాబు ఉందని తర్వాత విశ్లేషణలో తేలింది. బల్ల ముందు కూర్చున్న బోత్విన్నిక్‌కు మాత్రం అది దొరకలేదు. తాల్ ఆ గేమ్ గెలిచాడు, ఆ మ్యాచ్‌తో 23 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అంటే, ఒక ఎత్తు ఎంత టక్కరిదో తేల్చేది బల్లకు అవతల కూర్చున్న మనిషే. అందుకే మన ఇంజిన్ ప్రతి ఎత్తుకూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎదుటివాడు సరిగ్గా ఆడితే నాకు ఎంత నష్టం? ఈ ఆటగాడు సరిగ్గా ఆడే అవకాశం ఎంత? మొదటిదానికి జవాబు స్టాక్‌ఫిష్ దగ్గరుంది. రెండోదానికి మనుషులు ఎలా ఆడతారో నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) కావాలి. ఈ రెండింటినీ జోడించడమే మన పని.

1. సరంజామా

స్టాక్‌ఫిష్, లీలా చెస్ జీరో (న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆడే ఇంజిన్, ఇకపై లీలా), మాయా నెట్‌వర్క్‌లు, పైథాన్-చెస్ లైబ్రరీ. అన్నీ ఉచితమే.

వీటిలో మాయా గురించి కొంచెం చెప్పాలి. టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాలూ మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులూ కలిసి 2020లో దీన్ని తెచ్చారు. లీలా లాంటి నెట్‌వర్కే, కానీ గెలవడం నేర్పలేదు. లీచెస్ అనే ఉచిత చెస్ వెబ్‌సైట్‌లో మామూలు జనం ఆడిన గేములు చూపించి, ఈ చోట మనిషి ఏ ఎత్తు వేస్తాడో ఊహించడం నేర్పారు. 1100 రేటింగ్ నుంచి 1900 దాకా వందకొకటి చొప్పున తొమ్మిది నెట్‌వర్క్‌లున్నాయి. తన స్థాయి ఆటగాళ్లు వేసే ఎత్తును సగానికి పైగా సార్లు సరిగ్గా చెబుతుంది. 1100 నెట్‌వర్క్ 1100 ఆటగాడు చేసే తప్పులే చేస్తుంది, మనకు కావలసిందీ అదే. ఇద్దరు ఆటగాళ్ల స్థాయినీ ఒకే నెట్‌వర్క్‌కు చెప్పే వీలున్న మాయా-2 కూడా 2024లో వచ్చింది. అయితే మొదటిసారి కట్టేవాళ్లకు పాత తొమ్మిదే సులువు, ఎందుకంటే అవి నేరుగా లీలాలో ఎక్కుతాయి.

ఇంజిన్లతో మాట్లాడే భాష యూసీఐ. పైథాన్-చెస్‌కు అది వచ్చు, కాబట్టి రెండు ఇంజిన్లనూ తెరిచి పెట్టుకుని మీ ప్రోగ్రామ్ మధ్యలో కూర్చుంటుంది. బయటివాళ్లకు మాత్రం అది ఒకే ఇంజిన్‌లా కనిపించాలి.

2. ముందు వడపోత

ఉన్న ఎత్తులన్నిటికీ పెద్ద లెక్క చేస్తూ కూర్చుంటే సమయం చాలదు. స్టాక్‌ఫిష్‌లో మల్టీపీవీని (ఎన్ని మంచి ఎత్తులు చూపాలో చెప్పే ఆప్షన్) 8కి పెట్టి, మొదటి ఎనిమిది ఎత్తులకూ అంచనాలు తెప్పించుకోండి.

ఇక్కడే ఒక మెలిక. బలి ఎత్తులు తక్కువ డెప్త్‌లో, అంటే ఇంజిన్ కొద్ది ఎత్తుల ముందుకే చూసినప్పుడు, చాలా కిందికి పడిపోతాయి. పావు పోయిందన్నది వెంటనే కనిపిస్తుంది, దాడి ఫలితం పది ఎత్తుల తర్వాతగానీ తేలదు. ఎనిమిదింటిలో చోటు దొరక్క, మనకు కావలసిన ఎత్తే వడపోతలో కొట్టుకుపోతుంది. అందుకని మూడు రకాల ఎత్తుల్ని చేత్తో కలపాలి: చెక్ ఇచ్చేవన్నీ, ఎదుటి రాజు ముందున్న బంట్లను తినేవన్నీ, ఎదుటి రాజుకు రెండు గడుల దూరంలోకి పావును తీసుకెళ్లేవన్నీ. యూసీఐలో సెర్చ్‌మూవ్స్ అనే ఆదేశం ఉంది. ఈ ఎత్తుల్ని దాంతో విడిగా ఇచ్చి, కాస్త ఎక్కువ సమయం కేటాయించండి. దాడి ఇంజిన్ కడదామని మొదలుపెట్టి మామూలు ఇంజిన్‌తో తేలేవాళ్లలో ఎక్కువమంది తప్పిపోయేది ఈ మెట్టు దగ్గరే అని నా నమ్మకం.

వచ్చిన అంచనాలను సెంటీపాన్లలోనే (ఒక సెంటీపాన్ అంటే బంటు విలువలో నూరో వంతు) ఉంచుకోవద్దు, గెలుపు శాతంలోకి మార్చండి. సమానంగా ఉన్న ఆటలో 100 సెంటీపాన్లు పోగొట్టుకోవడం పెద్ద తప్పు. 900 ఆధిక్యం ఉన్నప్పుడు అదే 100 పోతే పోయిందేమీ లేదు. లీచెస్ వాడే సూత్రం మనకు సరిపోతుంది: సెంటీపాన్లను మైనస్ 0.00368208తో గుణించండి, వచ్చినదాన్ని ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్‌లో వేయండి, దానికి 1 కలపండి, 100ను ఆ మొత్తంతో భాగించండి. 100 సెంటీపాన్లకు సుమారు 59 శాతం వస్తుంది, 300కు 75 శాతం. స్టాక్‌ఫిష్ తనే గెలుపు, డ్రా, ఓటమి అవకాశాలు చెప్పగలదు గానీ, ఆ లెక్క ఇంజిన్లు ఇంజిన్లతో ఆడిన ఆటల నుంచి వచ్చింది. ఇంజిన్ల మధ్య ఒక బంటు ఆధిక్యం అంటే సగం గెలిచినట్టే, మనుషుల మధ్య అలా కాదు. మనుషుల ఆటల నుంచి తీసిన సూత్రాన్నే పట్టుకోండి.

3. ఎదుటివాడు ఏం వేస్తాడు?

వడపోతలో నిలిచిన ప్రతి ఎత్తునూ బోర్డు మీద వేసి చూసి, ఆ స్థితిని మాయాకు ఇవ్వండి. లీలాలో మాయా నెట్‌వర్క్‌ను ఎక్కించి ఒక్కటంటే ఒక్క నోడ్ (ఇంజిన్ చూసే ఒక స్థితి) మాత్రమే చూడమనాలి. నోడ్లు పెంచితే అది వెతకడం మొదలుపెడుతుంది, వెతికితే మనిషిలా ఉండదు. వర్బోస్‌మూవ్‌స్టాట్స్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే ప్రతి జవాబుకూ సంభావ్యత ఎంతో అచ్చు వేస్తుంది. పాలసీటెంపరేచర్ అనే ఇంకో ఆప్షన్‌ను 1కి తెచ్చుకోవడం మరిచిపోవద్దు. మామూలుగా అది 1కి పైనే ఉంటుంది. అలాగే వదిలేస్తే సంభావ్యతలు పలచబడి, ఎవరూ వెయ్యని ఎత్తులకు కూడా వాటా పెరుగుతుంది. అప్పుడు మీ ఇంజిన్ లేని ఆశలు పెట్టుకుంటుంది.

జవాబులన్నిటినీ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సంభావ్యత ఎక్కువున్నవాటి నుంచి మొదలుపెట్టి మొత్తం 90 శాతం వచ్చేదాకా తీసుకోండి. మిగిలిన 10 శాతాన్ని, ఎదుటివాడు అన్నిటికన్నా మంచి జవాబు వేసినట్టే లెక్క వేయండి. ఈ జాగ్రత్త లేకపోతే మాయా చూడని జవాబులన్నీ మనకు లాభంగా లెక్కపడతాయి.

ఏ నెట్‌వర్క్ వాడాలి? ప్రత్యర్థి లీచెస్ రేటింగ్‌కు దగ్గరగా ఉన్నది. మాయా నేర్చుకున్నది లీచెస్ రేటింగ్‌ల మీద కాబట్టి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్‌ను నేరుగా పెట్టొద్దు, లీచెస్ రేటింగ్ సాధారణంగా దానికన్నా ఎక్కువే ఉంటుంది.

1900 దాటిన ఆటగాళ్లతోనే చిక్కు. అక్కడ మాయా ఒక్కటే చాలదు. నేను చెప్పే మార్గం ఇది: ప్రతి జవాబునూ స్టాక్‌ఫిష్‌తో రెండుసార్లు తూచండి, ఒకసారి డెప్త్ 6లో, ఇంకోసారి డెప్త్ 18లో. డెప్త్ 6లోనే చెడ్డగా కనిపించే జవాబును 2200 ఆటగాడు వెయ్యడు, కాబట్టి దాని సంభావ్యతను బాగా కోసేయండి. డెప్త్ 6లో బంగారంలా కనిపించి 18కి వెళ్లేసరికి మునిగిపోయే జవాబులుంటాయి. వాటి సంభావ్యతను ముట్టుకోవద్దు. గట్టి ఆటగాణ్ణి బోల్తా కొట్టించే ఉచ్చులు ఉండేది అక్కడే. కోసిన తర్వాత అన్నీ కలిపితే మళ్లీ 100 శాతం వచ్చేలా సరిచేసుకోవడం మీకు తెలిసిందే. మాయా ఎక్కించుకునే వీల్లేని చిన్న కంప్యూటరైతే, ఈ రెండు డెప్త్‌ల తేడాతోనే ఓ మోస్తరు టక్కరి ఇంజిన్ తయారవుతుంది.

4. లెక్క వేసి చూద్దాం

ప్రతి జవాబు సంభావ్యతనూ, ఆ జవాబు తర్వాత మన గెలుపు శాతంతో గుణించి అన్నీ కూడండి. వచ్చేది ఆ ఎత్తుకు ఆశించిన విలువ. ఓ ఉదాహరణ చూస్తే బాగా తెలుస్తుంది.

బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్ (ఆట మొదట్లోనే ఏదో ఒకటి ఎర వేసే ఆరంభాన్ని గాంబిట్ అంటారు) చాలామందికి పరిచయమే. 1. ఈ4 ఈ5, 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6, 3. బిషప్ సి4, ఇక్కడ నల్లపావులు గుర్రాన్ని డి4కి దూకిస్తాయి. ఈ5 బంటు కాపలా లేకుండా కనిపిస్తుంది. తెల్లవాళ్ల గుర్రం దాన్ని తింటే నల్ల క్వీన్ జి5కి వస్తుంది. ఇప్పుడు ఎఫ్7 మీద గుర్రంతో పడితే క్వీన్, రూక్ రెండూ ఒకేసారి దొరుకుతాయి, చూడగానే చెయ్యి ఆగదు. కానీ గుర్రం ఎఫ్7 తినగానే నల్ల క్వీన్ జి2 బంటును తింటుంది. రూక్ ఎఫ్1కి పారిపోతే క్వీన్ ఈ4 మీద చెక్ ఇస్తుంది, బిషప్ ఈ2లో అడ్డం పడుతుంది, నల్ల గుర్రం ఎఫ్3లో దిగి ఆట కట్టు.

ఇంజిన్ ఈ మూడో ఎత్తును ఎలా తూచాలి? లెక్క చూపించడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మామూలుగా బిషప్‌ను సి5కి తెస్తే నల్లవాళ్ల గెలుపు శాతం 47. గుర్రం డి4కి దూకాక తెల్లవాళ్లు సరిగ్గా ఆడితే, అంటే ఆ గుర్రాన్ని తినేసినా క్యాస్లింగ్ చేసినా, 37. ఈ5 తింటే నల్లవాళ్లకు 75. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈ5 తినే అవకాశం 40 శాతం అనుకుంటే, 0.6 సార్లు 37, 0.4 సార్లు 75, మొత్తం 52 దాటుతుంది. మామూలు ఎత్తుకు 47 కదా, కాబట్టి ఎర వెయ్యడమే లాభం. గట్టి ఆటగాడు దాన్ని తినే అవకాశం 5 శాతమే అనుకుంటే విలువ 39 దగ్గర ఆగిపోతుంది. అదే స్థితి, అదే ఎత్తు, మనిషి మారేసరికి మంచి ఎత్తు కాస్తా చెడ్డదైంది.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ5 తినడంతోనే తెల్లవాళ్ల పని అయిపోదు. క్వీన్ జి5కి వచ్చాక గుర్రంతో కాకుండా బిషప్‌తో ఎఫ్7 తిని చెక్ ఇస్తే, గుర్రం పోయినా చేతికి రెండు బంట్లు వస్తాయి, నల్ల రాజు క్యాస్లింగ్ పోగొట్టుకుంటుంది, ఆట సాగుతుంది. అంటే అసలు ఉచ్చు రెండో అంచెలో ఉంది. ఒక్క అంచె లెక్క వేసే ఇంజిన్ ఇలాంటి ఉచ్చుల విలువను తక్కువగా కడుతుంది. అందుకని మొదటి లెక్కలో పైన నిలిచిన రెండు మూడు ఎత్తులకు మాత్రం ఇంకో అంచె లోపలికి వెళ్లండి: ఎదుటివాడి జవాబు, దానికి మన మంచి ఎత్తు, మళ్లీ మాయా జవాబులు. అన్ని ఎత్తులకూ రెండంచెలు చేస్తే సమయం మింగేస్తుంది. ఎనిమిది ఎత్తులు, ఒక్కోదానికి ఆరు జవాబులు అనుకుంటే ఒక్క అంచెకే 48 స్థితులు. ఒక్కోదానికి పదో వంతు సెకను ఇచ్చినా ఐదు సెకన్లు.

5. ఎంతవరకు తెగించాలి?

ఆశించిన విలువ ఒక్కటే చూస్తే ఇంజిన్ జూదరి అవుతుంది. పై ఉదాహరణలోనే చూడండి. 47 ఉన్న చోట 37కి దిగే సాహసం, అంటే పది శాతం పణం. ఎదుటివాడు పడకపోతే తర్వాత ఆటంతా ఎదురీతే. పైగా ఒకసారి పడ్డవాడు రెండోసారి పడడు, అదే ఎత్తు మళ్లీ మళ్లీ వేసే ఇంజిన్‌తో ఆడాలని ఎవరికీ అనిపించదు. అందుకే గీత గియ్యాలి. ఎదుటివాడు సరిగ్గా ఆడితే మనకు మిగిలే శాతం, దగ్గరున్న మంచి ఎత్తుకన్నా ఇంతకు మించి తగ్గకూడదు అని.

ఆ గీత అన్ని చోట్లా ఒకటే కాకూడదు. గెలుస్తున్నప్పుడు, అంటే 80 శాతం పైన, పణం దాదాపు సున్నా. ఆట సమానంగా ఉంటే నాలుగైదు శాతం. ఆ లెక్కన షిల్లింగ్ గాంబిట్‌ను నా ఇంజిన్ కొత్తవాళ్ల మీద కూడా వెయ్యదు. గడియారంలో నిమిషమో రెండో ఉండే బుల్లెట్ ఆటల్లో సడలించవచ్చు, అక్కడ ఆలోచించే సమయమే ఉండదు. ఓడుతున్నప్పుడు మాత్రం గీతను బాగా వెనక్కి జరపండి. 15 శాతం మిగిలిన చోట అందులో పది పోయినా పోయేదేముంది?

ఓడుతున్న ఆటలో మామూలు ఇంజిన్ చేసే పని చూస్తే జాలేస్తుంది. మేట్‌ను ఇంకో రెండు ఎత్తులు వాయిదా వెయ్యడానికి పావులన్నీ ఇచ్చేస్తుంది, లేదా క్వీన్లు మార్చుకుని నిస్సారమైన ఎండ్‌గేమ్‌లోకి వెళ్లి మెల్లగా చస్తుంది. అనుభవమున్న మనిషి అలా చెయ్యడు. క్వీన్‌ను బోర్డు మీదే ఉంచుతాడు, ఆటను గజిబిజి చేస్తాడు, ఎదుటివాడికి ప్రతి ఎత్తుకూ ఒకే ఒక్క సరైన జవాబు ఉండేలా చూస్తాడు. మీ ప్రోగ్రామ్‌లో దీన్ని కొలవడం కష్టం కాదు. మంచి జవాబుకన్నా ఐదు శాతానికి మించి తగ్గని జవాబులు ఎదుటివాడికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్య ఒకటైతే, పైగా మాయా ఆ ఒక్కదానికి తక్కువ సంభావ్యత ఇస్తే, ఓడుతున్న ఆటలో వెయ్యాల్సిన ఎత్తు అదే. ఎదుటివాడి గడియారంలో సమయం తగ్గేకొద్దీ గీతను ఇంకాస్త వెనక్కి జరపొచ్చు.

అన్నిటికన్నా అందమైనది పణమే లేని ఎర. 2003లో న్యూయార్క్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌కూ డీప్ జూనియర్ అనే ఇంజిన్‌కూ మధ్య మ్యాచ్ 3–3తో ముగిసింది. ఐదో గేమ్‌లో నల్లపావులతో జూనియర్ పదో ఎత్తుకే బిషప్‌తో హెచ్2 బంటును తిని చెక్ ఇచ్చింది. కంప్యూటర్లు పావుల లెక్కలే చూస్తాయన్న మాట బలంగా ఉన్న రోజులవి. రాజు బిషప్‌ను తింటే గుర్రం జి4 మీద చెక్, రాజు జి3కి బయటికి వచ్చాక క్వీన్ జి5. కాస్పరోవ్ రాజు ఎఫ్3 దాకా నడిచింది. చివరికి 19వ ఎత్తుకు వరుస చెక్‌లతో ఆట డ్రా. కాస్పరోవ్ అంతటివాడు పావు ఎక్కువుండి కూడా ఆ డ్రాను ఒప్పుకున్నాడు. చేతిలో డ్రా ఉంచుకుని ఎదుటి రాజును వీధిలోకి లాగే ఇలాంటి ఎత్తుల్ని మీ ఇంజిన్ గుర్తించాలి. సరైన జవాబుకు కూడా స్టాక్‌ఫిష్ సున్నా దగ్గర (అంటే ఆట సమానమని) అంచనా ఇచ్చే బలులకు కొంత అదనపు మార్కు ఇవ్వండి.

6. దాడి రుచి

ఇంతవరకు చేసినదాంతో ఇంజిన్‌కు టక్కరితనం వస్తుంది. దాడి చేసే గుణం మాత్రం ఇంకా రాదు, ఎందుకంటే ఎండ్‌గేమ్‌లోనూ ఉచ్చులుంటాయి. దానికి విడిగా ఒక శైలి మార్కు కావాలి. ఎదుటి రాజు చుట్టూ ఉన్న గడుల మీద మన పావులు ఎన్ని గురిపెట్టాయి, ఆ రాజు ముందు బంట్లు ఎన్ని చెదిరాయి, క్వీన్లు బోర్డు మీద ఉన్నాయా, రెండు రాజులూ చెరోవైపు క్యాస్లింగ్ చేశాయా. గురిపెట్టిన పావుల సంఖ్యను వర్గం చెయ్యండి. ఒక్క పావు దాడి దాడే కాదు, మూడు పావులు కలిస్తేనే రాజుకు చెమట పడుతుంది. స్టాక్‌ఫిష్‌లో పూర్వం మనుషులే సూత్రాలుగా రాసిన మూల్యాంకనంలోనూ రాజుకు ముప్పు ఇలాగే వర్గంగా పెరిగేది.

ఈ మార్కు మొత్తం విలువలో రెండు మూడు శాతానికి మించనివ్వొద్దు. దాదాపు సమానమైన ఎత్తుల మధ్య ఎంపికకే అది పనికిరావాలి. మోతాదు ఎక్కువైతే, రాజు పక్కకు పావుల్ని ఊరికే తోలే కుర్రతనం వస్తుంది.

బలి అంటే ఏమిటో ప్రోగ్రామ్‌కు స్పష్టంగా చెప్పాలి. గుర్రం ఇచ్చి రెండు ఎత్తుల్లో బిషప్ తీసుకుంటే అది మార్పిడే. ఇంజిన్ చూపే ప్రధాన వరుసలో (రెండువైపులా మంచి ఎత్తులే వేస్తే ఆట సాగే తీరులో) ఇద్దరివీ కలిపి కనీసం ఆరు ఎత్తులు గడిచాక కూడా పావుల లెక్కలో వెనకే ఉంటే, అప్పుడు దాన్ని బలి అని లెక్కపెట్టండి.

మనిషిలా ఆడాలంటే ఇంకో జల్లెడ కావాలి. మన సొంత ఎత్తును కూడా మాయా 1900కి చూపించండి. వెయ్యిలో ఒక్కరు కూడా వెయ్యని ఎత్తు అని అది చెబితే, మిగతా లెక్కలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు దాన్ని వదిలేయండి. బలులకు మాత్రం ఈ జల్లెడ పెట్టొద్దు, మంచి బలి ఎప్పుడూ జనం చూపుకు ఆననిదే.

కొత్త నెట్‌వర్క్‌నే తయారుచేసే ఓపిక ఉంటే దారి వేరు. 2020లో స్టాక్‌ఫిష్ 12తో వచ్చిన ఎన్ఎన్‌యూఈ (స్థితికి అంచనా కట్టే చిన్న న్యూరల్ నెట్‌వర్క్) తరహా నెట్‌వర్క్‌ను, పావులు తక్కువుండి గెలిచిన ఆటల స్థితులకు ఎక్కువ బరువు ఇచ్చి నేర్పించవచ్చు. దూకుడునే లక్ష్యంగా పెట్టుకుని కట్టిన పాట్రీషియా లాంటి ఇంజిన్లు ఉన్నాయి, వాటి కోడ్ బయటే ఉంది, చదవండి. మొదటిసారికి మాత్రం పైన చెప్పిన పైపూత చాలు. దాన్లో ఏ అంకె మార్చితే ఏమవుతుందో కళ్లముందు కనిపిస్తుంది, నెట్‌వర్క్‌లో అలా కనిపించదు.

శైలి కుదిరిందో లేదో చూడడానికి ఒక మంచి పని ఉంది. మీకు నచ్చిన దాడి ఆటగాళ్ల గేముల నుంచి యాభై స్థితులు ఏరండి. తాల్ ఉండాలి. మన వరంగల్ అర్జున్ ఇరిగేశి గేములు కూడా తీసుకోండి. ఆనంద్ తర్వాత ఫిడే జాబితాలో 2800 దాటిన రెండో భారతీయుడతను, తేలిగ్గా డ్రాకు ఒప్పుకునే రకం కాదు. వాళ్లు వేసిన ఎత్తును దాచి, మీ ఇంజిన్ దాన్ని మొదటి మూడింటిలో పెడుతుందో లేదో చూడండి.

7. ఓపెనింగ్ పుస్తకం

లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో రేటింగ్ వారీగా ఫలితాలు చూడొచ్చు. ఇంజిన్ అంచనాకూ మనుషుల ఫలితాలకూ మధ్య అంతరం ఎక్కడ ఎక్కువగా ఉందో వెతకండి. ఇంజిన్ సమానమంటుంది, మనుషుల్లో మాత్రం తెల్లవాళ్లు బాగా గెలుస్తుంటారు, అలాంటి వరుసలు మీ పుస్తకంలోకి వస్తాయి. ఇవాన్స్ గాంబిట్, స్మిత్-మొర్రా గాంబిట్ నుంచి మొదలుపెట్టండి. ఒక్కో స్థితికి కనీసం మూడు దారులు ఉంచి మార్చి మార్చి ఆడించండి, లేకపోతే రెండు రోజుల్లో జనం బట్టీ పట్టేస్తారు.

8. పరీక్ష

స్టాక్‌ఫిష్‌తో ఆడించి పరీక్షించొద్దు. అది ఏ ఎరకూ పడదు, మీ ఇంజిన్ ఎప్పుడూ అధ్వానంగానే కనిపిస్తుంది. మాయా ప్రత్యర్థులతో ఆడించండి. అయితే 1500 మాయాను ఊహించడానికి 1500 మాయానే వాడితే అది పరీక్ష కాదు, ప్రశ్నపత్రం ముందే చూసి రాసినట్టు. ఊహకు 1500 వాడితే ఎదురుగా 1400నో 1700నో కూర్చోబెట్టండి.

రెండు ఇంజిన్లు ఆడాలి: టక్కరి మెట్లన్నీ ఉన్నదొకటి, అవన్నీ తీసేసి అదే సమయం ఇచ్చిన మామూలుది ఇంకొకటి. గెలుపోటములే కాకుండా, ఎదుటివాడు ఒక్కో ఎత్తుకు సగటున ఎంత గెలుపు శాతం పోగొట్టుకుంటున్నాడో రాసుకోండి. ఇది అసలు కొలత. మామూలు ఇంజిన్‌తో కంటే మీ ఇంజిన్‌తో ఆడేటప్పుడు ఎదుటివాళ్లు ఎక్కువ పోగొట్టుకుంటుంటే ఎర పనిచేస్తున్నట్టు. మీ ఇంజిన్ సొంతంగా పోగొట్టుకుంటున్న సగటును పక్కనే రాయండి, అది ఎదుటివాళ్ల నష్టంకన్నా వేగంగా పెరుగుతుంటే ఐదో మెట్టుకు తిరిగి వెళ్లి గీత బిగించండి. వంద ఆటలు చూసి నిర్ణయానికి రావొద్దు, అన్ని ఆటల్లో 60 ఎలో (రేటింగ్) పాయింట్ల తేడా కూడా అదృష్టం వల్ల రావచ్చు. వెయ్యికి తగ్గకుండా ఆడించండి, ఒక్కసారి ఒక్క అంకే మార్చండి.

చివరగా మనుషులతో. లీచెస్‌లో బాట్ ఖాతా (ప్రోగ్రామ్ ఆడే ఖాతా) తెరవొచ్చు, కాకపోతే అది ఒక్క ఆట కూడా ఆడని కొత్త ఖాతా అయి ఉండాలి. మామూలు ఖాతాలో ఇంజిన్‌ను ఎప్పుడూ ఆడించొద్దు, అది మోసం, ఖాతా కూడా పోతుంది. బాట్ పేరు కింద ఇది ఎరలు వేసే ఇంజిన్ అని రాసి పెట్టండి. తెలిసి వచ్చి ఆడేవాళ్లు జాగ్రత్తగా ఆడతారు, వాళ్లను కూడా పట్టుకోగలిగిన ఎత్తులు ఏవో విడిగా దాచుకోండి. వారానికోసారి ఆ ఎత్తుల్ని బోర్డు మీద పేర్చి పిల్లల ముందు పెట్టండి, ఎదుటివాడు ఏం వేసి ఉంటాడో ముందు వాళ్లనే చెప్పనివ్వండి.